ఏదో మూల పడుకుంటాడట! ఎలుగుబంటి పక్కనా?

మా బావగారు ఇప్పుడే వాట్సాప్ గ్రూపులో ఓ బాంబు పేల్చి, గుడ్‌నైట్ స్టిక్కర్ పెట్టి హాయిగా పడుకున్నారు. "మా ఫ్రెండ్ ఒకడు కూడా వస్తాడమ్మా, ఏదో మూల పడుకుంటాడులే." అంతే. ఎల్లుండేమో పర్మిట్ బుకింగ్. గ్రూపులో ఒక్క మాట అన్నానా, పొద్దున్నే అక్క ఫోన్ చేస్తుంది. అందుకే ఇక్కడ అంటున్నా.

కొత్తవాళ్లకి కథ చెప్తాను. ఆగస్టులో మౌంట్ రెయినియర్ చుట్టూ నడవాలని మా ప్లాన్. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది, 4,392 మీటర్ల అగ్నిపర్వతం, నెత్తినిండా మంచు. ఎక్కడం కాదు, చుట్టి రావడం. 1915 నాటి దారి, పేరు వండర్‌లాండ్ ట్రయల్, దాదాపు 150 కిలోమీటర్లు. గుడారం, తిండి, స్టవ్ అన్నీ వీపు మీదే. చీకటి పడిన చోట గుడారం వేస్తామంటే ఒప్పుకోరు. ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటామో ముందే రాసి పర్మిట్ తీసుకోవాలి. అందరికంటే ముందు బుక్ చేసుకోవడానికి ఓ లాటరీ. అది తగిలినా పర్మిట్ వచ్చినట్టు కాదు, క్యూలో ముందు నిలబడనిచ్చారని అర్థం. నా పేరు తగిలింది. ఆ రోజు ఇదే బావగారు "శభాష్ మరదలా" అని చప్పట్ల బొమ్మలు వరస పెట్టి పంపారు.

అసలు మెలిక ఎక్కడంటే, ఐదుగురి దాకా క్యాంపులో మామూలు సైటు, అంటే గుడారం వేసుకునే జాగా, సరిపోతుంది. ఆరో మనిషి చేరాడంటే గ్రూప్ సైటు కావాలి. అవి ప్రతి క్యాంపులోనూ ఉండవు. మేం సరిగ్గా ఐదుగురం. అంటే ఒక్క మనిషి కోసం, ఎక్సెల్‌లో రంగులు వేసి పేర్చుకున్న రూటంతా మళ్లీ మొదటికి! ఇండియన్ బార్ అనే క్యాంపులో ఒక్క రాత్రి ఉండాలని మిగతా రాత్రులన్నీ అటూ ఇటూ జరిపి చచ్చాను. (పేరు చూసి బావగారు "మందు దొరుకుతుందా అక్కడ?" అని అడిగారు. జోక్ కాదు, నిజంగానే అడిగారు.) పోనీ రెండు పర్మిట్లు తీసుకోమని ఆయన సలహా. ఒకటి దొరకడమే గగనమైతే, ప్రతి రాత్రీ అదే క్యాంపులో రెండోది ఎవరు పట్టుకొస్తారు, ఆయన ఫ్రెండా?

ఇంకో ముక్క చెప్పనా? ఆ ఫ్రెండ్‌కి వీసానే లేదు. "స్లాట్ కోసం చూస్తున్నాడు"ట.

ఇంతకీ బావగారి ధైర్యం ఏమిటంటే, "అరుణాచలం గిరి ప్రదక్షిణ చేశాం కదమ్మా, ఇదీ అంతే." అయ్యా, అది 14 కిలోమీటర్లు. రోడ్డు మీద, దారి పొడవునా టీ కొట్లతో. ఇక్కడ మంచు కరిగి వచ్చే ఏర్లు మధ్యాహ్నానికి పొంగుతాయి, కట్టెల వంతెనలు కొట్టుకుపోతుంటాయి. అక్కడ అగ్నిలింగం, ఇక్కడ అగ్నిపర్వతం. రెండింట్లో అగ్ని ఉంది, ఆయనకి అది చాలు.

తిండి సంగతి మరీనూ. నేనేమో కూకట్‌పల్లి వంటింట్లో కందిపొడి, ఉప్మా రవ్వ గ్రాముల్లో తూచి, గాలి తీసి జిప్ కవర్లలో పెట్టి, ఒక్కోదాని మీద మార్కర్‌తో రోజు రాస్తున్నా. దారిలో రేంజర్ స్టేషన్లకి కొంత ముందే బకెట్లలో పంపుకోవచ్చు, స్టవ్ గ్యాస్ మాత్రం అందులో పెట్టకూడదు. చలిమంటలు కూడా నిషేధమే. ఇదంతా టైప్ చేసి పెడితే బావగారి జవాబు: "ఆవకాయ జాడీ మర్చిపోకు." ఎలుగుబంట్లు ఉన్న చోట వాసన వచ్చేదల్లా, టూత్‌పేస్ట్‌తో సహా, రాత్రి పూట స్తంభానికి ఎత్తుగా వేలాడదీయాలి. ఆవకాయ వేలాడదీస్తే జిల్లాలో ఉన్న ఎలుగుబంట్లన్నీ పంక్తి భోజనానికి వస్తాయి.

ప్రాక్టీస్ అని వికారాబాద్ అనంతగిరికి తీసుకెళ్తే, మేం బరువు మోసుకుని కొండ తిరిగాం, ఆయన కారు దగ్గరే పాటలు పెట్టుకుని మొక్కజొన్న కంకులు తిన్నారు. (అటువైపు నల్లరాయి కూడా ఒకప్పటి దక్కన్ లావాయే. ఆ లెక్కన అగ్నిపర్వతం అనుభవం ఉందనుకుంటున్నారేమో!)

ఆ అరుణాచలం సంగతి ఆయనే తెచ్చారు కాబట్టి మాట్లాడుకుందాం. రూములు నేను బుక్ చేశాను, టెంపో నేను మాట్లాడాను, అడ్వాన్స్ నా జేబులోంచి. తీరా బయల్దేరే రోజు బావగారి తరఫున పిన్నిగారు, ఆవిడ తోడికోడలు, ఇద్దరు పిల్లలు టెంపో ఎక్కేశారు. "సర్దుకుందాంలే" అన్నది బావగారు, సర్దుకున్నది నేను. ఏసీ రూములో ఆయన గురక, టెంపో వెనక సీటులో దోమలతో నేను. అక్కేమో "పోనీలేవే, పెద్దవాళ్లు" అంది. చిన్నప్పుడు పండక్కి కొన్న నా కొత్త గౌను మేనత్త కూతురికి ఇచ్చేసినప్పుడు కూడా ఇదే మాట అంది. ఈ ఇంట్లో పోనిచ్చేదాన్ని ఎప్పుడూ నేనేనా?

ఆ టెంపో డబ్బులు ఇంకా రాలేదు. అడిగితే "మనలో మనకి లెక్కలేంటమ్మా" అంటారు. మరి పర్మిట్ ఫీజు కూడా మనలో మనదేనా?

ఎల్లుండి బుక్ చేసేది ఐదుగురికే. బావగారు తన ఫ్రెండ్ లేనిదే రానంటే, ఆయన చోటు మా కాలేజీ బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఇచ్చేస్తా. తనకి వీసా ఉంది, అనంతగిరిలో నా బ్యాగు కూడా కాసేపు మోసింది. అక్కా, ఇది చదువుతున్నావని తెలుసు. పొద్దున్నే ఫోన్ చేయకు, ముందు టెంపో డబ్బులు ఫోన్‌పే చేయించు.