ఎలుకలు చచ్చి చెప్పిన లెక్క వెంకటాపురం దాకా ఎందుకు రాలేదు?

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, ఒక కొస సన్నగా ఉంటుంది. ఎలుకను తల ముందుగా అందులోకి పంపి, ముక్కు మాత్రం ఆ సన్నటి కంతలోంచి అవతలికి వచ్చేలా చేసి, వెనక బిరడా పెడతారు. అలాంటి గొట్టాలను ఒక స్టీలు స్తంభం చుట్టూ వరసగా అమరిస్తే, స్తంభం లోపలి నుంచి రసాయనం కలిసిన గాలి ప్రతి ముక్కు దగ్గరికీ వస్తుంది. నాలుగు గంటలు అలా పీల్చాలి. నాతో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిన స్నేహితుడొకడు కొన్నేళ్లు ఈ విష పరీక్షల పని చేశాడు. "కాసేపటికి ఊపిరికి గొట్టం లోపల చెమ్మ పడుతుందిరా, ఆ చెమ్మలోంచే చూస్తూ ఒక్కోదాని ఊపిరి లెక్క రాసుకోవాలి, అది తగ్గుతూ వస్తుంటే మనకి తెలిసిపోతూ ఉంటుంది" అన్నాడు ఒకసారి బీచ్ రోడ్డులో కూర్చున్నప్పుడు. అంతకుమించి వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. మా విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్లలో పడుకుని ఉండగా, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఆర్.ఆర్.వెంకటాపురం మీదికి వచ్చింది. 12 మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కట్టేసిన పశువులు కట్టేసిన చోటే పడిపోయాయి. స్టైరీన్‌ని పీలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అప్పటికి దశాబ్దాలుగా ఎలుకలకి పట్టిస్తూనే ఉన్నారు. తెలిసిన సంగతి చాలానే ఉంది. అది తెలియాల్సిన వాళ్లకి తెలియలేదు. జంతువుల మీద ప్రయోగాలు ఉండాలా వద్దా అని మనవాళ్లు వాదించుకోవడం చూస్తుంటాను గానీ, అన్ని ప్రాణాలు తీసి సంపాదించిన ఆ సమాచారం చివరికి ఎవరి చేతికి చేరింది అని అడిగేవాళ్లు తక్కువ. నా గొడవంతా అదే.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. పరీక్ష పెట్టిన జంతువుల్లో సగం చచ్చిపోవడానికి సరిపోయే గాఢతని ఎల్‌సీ50 అంటారు. ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన 403వ నంబరు మార్గదర్శకం ప్రకారం మామూలుగా నాలుగు గంటలు పీల్పించి, తర్వాత కనీసం 14 రోజులు గమనించి, మధ్యమధ్యలో తూకం వేసి, చచ్చినదాన్నీ బతికినదాన్నీ కూడా కోసి చూస్తారు. స్టైరీన్ విషయంలో ఎలుకకి ఆ అంకె లీటరు గాలికి సుమారు 11.8 మిల్లీగ్రాములు. ఆవిరుల వర్గీకరణలో 10 నుంచి 20 మధ్య వస్తే నాలుగో తరగతి, అంటే "పీలిస్తే హానికరం". మొదటి మూడు తరగతులకైతే డబ్బా మీద పుర్రె గుర్తు వేయాలి. నాలుగో దానికి అక్కర్లేదు, ఆశ్చర్యార్థకం గుర్తు చాలు.

12 మంది ప్రాణాలు తీసిన ఆవిరికి పుర్రె గుర్తు లేదు. ఇది చదివి "చూశారా, ఎలుకల పరీక్ష దండగ" అనేవాళ్లుంటారు. అంత తేలిగ్గా తేల్చేయలేం. ఎలుక చెప్పిన అంకె తప్పు కాదు, ఆ అంకె ఏ ప్రశ్నకి జవాబో మనం మర్చిపోతున్నాం. గొట్టంలో ఉన్న ఎలుక కదలకుండా పడి ఉంటుంది. ఎలుక ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు, దాని ముక్కులో మెలికలు తిరిగిన ఎముకల మీది తడి పొరే చాలా ఆవిరిని పట్టేసుకుంటుంది. పైగా అవన్నీ జబ్బు లేని, ఒకే వయసు కుర్ర ఎలుకలు. వెంకటాపురంలో ఉన్నదెవరు? పాలు తాగే పిల్లలు, ఉబ్బసం ఉన్న ముసలాళ్లు, నిండు చూలాళ్లు, నైట్ డ్యూటీ చేసొచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నవాళ్లు. లేచినవాళ్లు పరిగెత్తారు. పరిగెత్తే మనిషి నోరు తెరిచి, కూర్చున్నవాడికంటే ఎన్నో రెట్లు గాలి లోపలికి లాగుతాడు. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, అది నేలను పట్టుకుని పాకుతుంది, మంచం లేకుండా చాప మీద పడుకున్నవాడి ముక్కు ఉండేదీ అక్కడే. తప్పించుకోవడానికి చేసిన పనే ఇంకాస్త విషం లోపలికి పంపింది. ఇదేదీ ఎల్‌సీ50లో పట్టదు.

అయితే ఈ తేడాలు శాస్త్రవేత్తలకి తెలియనివి కావు. అందుకే ఎలుకల ఫలితాల్నీ, వాలంటీర్లుగా వచ్చిన మనుషుల మీద తక్కువ మోతాదుల్లో చూసినదాన్నీ కలిపి, పిల్లల్నీ రోగుల్నీ దృష్టిలో పెట్టుకుని, ప్రమాద సమయానికి పనికొచ్చే అంకెలు వేరే తయారుచేశారు. అమెరికావాళ్ల లెక్కలో స్టైరీన్ గంటసేపు 130 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 130 వంతులు, దాటితే మనిషి తనంతట తాను తప్పించుకునే శక్తి తగ్గిపోవచ్చు, 1100 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. ఈ అంకెలు 2020కి ఏళ్ల ముందే ఉన్నాయి. ఏ వీధి దాకా జనాన్ని ఖాళీ చేయించాలి, ఎంతసేపట్లో చేయించాలి అనేది వీటిమీదే కడతారు. ఆ రాత్రి సైరనే మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన నివేదికలో రాసింది. సైరన్ మోగని చోట ఎల్‌సీ50 ఎంతైతే ఏం లాభం?

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే పెద్దగా అనిపించేది ఇదే. స్టైరీన్‌ని రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, దాదాపు రెండేళ్లపాటు ఎలుకలకి పట్టించి చూశారు. పెద్ద ఎలుకలకి, అంటే ర్యాట్లకి, 1000 పీపీఎం దాకా ఇచ్చినా ఊపిరితిత్తుల్లో కణితులు పెరగలేదని 1998లో ప్రకటించారు. చిట్టెలుకలకి 20 నుంచి 160 పీపీఎం మాత్రమే ఇస్తే ఊపిరితిత్తుల కణితులు పెరిగాయని 2001లో వచ్చింది. మన కంటికి రెండూ ఎలుకలే, రెండిటి జవాబు మాత్రం ఉత్తరం దక్షిణం. కారణం వెతికితే చిట్టెలుక సన్నని శ్వాసనాళాల్లోని ఒక రకం కణాల్లో సిప్ 2ఎఫ్2 అనే ఎంజైమ్ జోరుగా పనిచేస్తుందని, స్టైరీన్‌ని అక్కడే ఆ కణానికి హాని చేసే పదార్థాలుగా మార్చేస్తుందని తేలింది. ఆ ఎంజైమ్ లేకుండా పుట్టించిన చిట్టెలుకల్లో ఊపిరితిత్తులకి ఆ దెబ్బ కనిపించలేదు. మనిషి ఊపిరితిత్తుల్లో ఆ జాతి ఎంజైమ్ పని చాలా తక్కువ. అయినా మనుషుల మీద దొరికిన కొద్దిపాటి ఆధారాల్నీ జంతువుల్లో దొరికిన గట్టి ఆధారాల్నీ కలిపి చూసి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ని 2ఎ గుంపులోకి, అంటే మనిషికి బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలోకి మార్చింది.

చెవుల సంగతీ అంతే. స్టైరీన్ ఎక్కువ రోజులు పీలిస్తే ర్యాట్ లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోతాయి, అదే గినీ పంది చెవికి అంత దెబ్బ తగలదు. మనిషి ఎవరి పక్షం? ఫైబర్‌గ్లాస్ పడవలు చేసే చోట్ల స్టైరీన్ మధ్య పనిచేసే కార్మికుల వినికిడి పరీక్షించి చూశాక ర్యాట్ మాటకే బరువు పెరిగింది. యూరప్‌లో అయితే ఎక్కువకాలం పీలిస్తే వినికిడి అవయవాలు దెబ్బతింటాయని లేబుల్ మీదే రాయాలి. అంటే చివరి మాట చెప్పింది మనిషే, ఎలుక ఎక్కడ వెతకాలో చూపించింది.

కాబట్టి రేపు పొద్దున్నే ఈ పరీక్షలన్నీ మూసేయాలని నేను అనను. 1984 డిసెంబరు రాత్రి భోపాల్‌లో డాక్టర్లకి ఎదురైన పరిస్థితి మనకి తెలుసు కదా, మిథైల్ ఐసోసైనేట్ పీల్చినవాళ్లకి ఏం వైద్యం చేయాలో తెలియలేదు, అప్పటికి దాని మీద బయటికొచ్చిన విష పరీక్షలు చాలా కొద్ది, ఆ తర్వాతే ఎలుకల మీద వరసగా అధ్యయనాలు మొదలయ్యాయి. తెలియకపోవడానికి మనుషులు చెల్లించిన ధర అది. కానీ ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడమే లక్ష్యంగా పెట్టుకున్న పరీక్ష మాత్రం ఇక పోవాలి, దానికి బదులు కూడా వచ్చేసింది. 2017లో వచ్చిన ఓఈసీడీ 433లో చావు దాకా ఆగక్కర్లేదు, ఇంకాస్త పెంచితే చచ్చిపోతుందని చెప్పే స్పష్టమైన లక్షణాలు కనిపిస్తే చాలు, పైగా జంతువులూ తక్కువ పడతాయి. మన పల్లెల్లో పంటల మీద కొట్టే క్లోరోథలోనిల్ అనే తెగులు మందు విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ 90 రోజుల ఎలుకల పరీక్ష అడగకుండా, మనిషి శ్వాసనాళం కణాలతో ల్యాబ్‌లో పెంచిన పొర మీద చేసిన పరీక్షనీ కంప్యూటర్ లెక్కల్నీ తీసుకుంది. మన దేశం 2011లోనే ఓఈసీడీ డేటా ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తీసుకుంది, సరైన పద్ధతిలో ఒక దేశంలో జరిగిన పరీక్షని మిగతా దేశాలు ఒప్పుకుని తీరాలి. అలాంటప్పుడు తెలిసిన ద్రావకానికి మళ్లీ ఇంకో గుంపు ఎలుకల్ని గొట్టాల్లోకి ఎక్కించాలని ఎవరైనా అడిగితే, జంతు ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కూర్చున్నవాళ్లు కొత్తగా ఏం తెలుస్తుందో చెప్పమని గట్టిగా నిలదీయాలి.

ఇక ఆ 14 రోజుల సంగతి. గొట్టంలోంచి బయటికి తీసిన ప్రతి ఎలుకకీ ఒక నంబరు ఉంటుంది, దాని బరువు ఎవరో రాస్తారు, కళ్లు చూస్తారు, నడక చూస్తారు, ఒక్క రోజు నమోదు తప్పినా ఆడిట్‌లో అడుగుతారు. స్టైరీన్ పీల్చిన మనుషులకి కూడా పేరుపేరునా, కనీసం ఇరవై ముప్ఫై ఏళ్లు, అంత శ్రద్ధగా ఊపిరి, వినికిడి, రక్త పరీక్షలు చేసి రాసి పెట్టాలి. మనిషికి సంబంధించి ఎలుక ఇవ్వలేని జవాబు అక్కడే ఉంది. ఊరివాళ్లు అడుగుతూ వచ్చిందీ అదే. నాకు ఇది దయ చూపమని అడిగే విషయంగా అనిపించదు, శాస్త్రమే అడుగుతున్న పని.

దాంతోపాటు భాష. ప్రతి రసాయనానికి భద్రతా పత్రం అని ఒకటుంటుంది, 16 భాగాలు, విషప్రభావం సంగతి పదకొండో భాగంలో. ఎలుకల చావంతా రెండు మూడు వరసల్లోకి కుదించి ఉండేది అక్కడే, ఇంగ్లీషులో. పరవాడ ఫార్మాసిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో డ్రమ్ములు దొర్లించే కుర్రాళ్లలో ఎంతమంది చేతికి అది తెలుగులో వస్తోంది? ఫ్యాక్టరీ గోడ అవతల ఇల్లున్నవాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు.

గోపాలపట్నంలో ఒక టీ బడ్డీ దగ్గర ఒకావిడ పరిచయమైంది. ఆ రాత్రి రెండేళ్ల మనవరాలిని భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తిందట. నేను కెమిస్ట్రీ చదివానని తెలిసి దగ్గరికొచ్చి, "మా పాపకి పెద్దయ్యాక ఏటైనా అవుద్దా బాబూ?" అని అడిగింది. చిట్టెలుక, ర్యాట్, గినీ పంది అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి, ఒక్కటీ ఆమెకి చెప్పే జవాబు కాదు. ఒక్క రాత్రి పీల్చినదానికి భయపడిపోవద్దని, అయినా ఏడాదికోసారి పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించమని, ఛాతీ డాక్టరుకి కూడా చూపించి ఆ కాగితాలన్నీ ఒక కవర్లో దాచమని చెప్పాను. ఆ పరీక్షని ఏమంటారో రాసిమ్మంది. టీ బడ్డీ అబ్బాయి దగ్గర పెన్ను తీసుకుని, ఆమె చేతిలో ఉన్న రేషన్ సంచీ చీటీ వెనక తెలుగులో రాశాను, ఆడియోమెట్రీ అని. రెండుసార్లు పైకి చదువుకుని, మడిచి రవికెలో పెట్టుకుంది.