ఫాంటు మారితే గానీ క్రాక్ వదలదు

గృహప్రవేశం కార్డు వేయిద్దామని కడప ఏడు రోడ్ల దగ్గర ఒక డీటీపీ షాపుకు పోయాను. మ్యాటర్ అంతా ఫోన్లోనే టైపు చేసి పెట్టుకున్నా కాబట్టి, వాట్సాప్‌లో పంపితే ఐదు నిమిషాల పని అనుకున్నా. అబ్బాయి దాన్ని తన పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేశాడు. లక్ష్మి కాస్తా 'ల క్ ష్ మి' అయి కూర్చుంది. "ఇది ఇంతేన్నా, మళ్లీ అంతా కొట్టాల" అన్నాడు. కొట్టాడు. కొట్టేటప్పుడు మా తాత పేరులో తప్పు పడింది, ఆ గొడవ వేరే.

ఆ సిస్టమ్‌లో ఉన్నదంతా క్రాకే, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టి వాడే దొంగ కాపీలే. కర్నూలుకు పోయినా, అనంతపురం పోయినా ఇదే కథ. డబ్బుల్లేక వాడుతున్నామంటారు గానీ నేను నమ్మను. ఎందుకంటే పైసా అడగనివి ఎప్పటి నుంచో ఉన్నాయి. బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన గింప్ ఫొటోలకు ఉంది, 2025 మార్చిలో దాని 3.0 వెర్షన్ కూడా వచ్చింది. లోగోలకు, కార్డులకు ఇంక్‌స్కేప్, వీడియోకు కెడెన్‌లైవ్, స్క్రీన్ రికార్డింగుకు ఓబీఎస్.

మరి ఎందుకు మారరంటే, పాత ఫాంట్ల వల్ల. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా కూర్చోబెట్టారు. మన ఫోన్లు వాడే యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతిలో, తెలుగు 1991 నుంచే ఉన్నా మన షాపులు ఆ పక్కకు చూడలేదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన 7.0నే ఇప్పటికీ లాక్కొస్తున్నవాళ్లున్నారు. చేతికి అలవాటైన కీబోర్డు, ఆ ఫాంటు, ఆ క్రాకు, మూడూ ఒకే మూట. ఒకటి వదలాలంటే మూడూ వదలాలి.

తమాషా ఏమంటే, తెలుగు విషయంలో ఈ ఉచిత సాఫ్ట్‌వేర్లే ముందున్నాయి. ఇంటికొచ్చి అదే మ్యాటర్ ఇంక్‌స్కేప్‌లో పేస్ట్ చేశా, లక్ష్మి లక్ష్మిలాగే పడింది. మన ఆండ్రాయిడ్ ఫోన్లో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అనే పనిముట్టే గింప్‌లోనూ ఇంక్‌స్కేప్‌లోనూ ఉంది, అందుకని. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, శుభలేఖకు అవి చాలు.

అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పను. ప్రెస్సువాళ్లు సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల) ఫైలు అడిగితే ఇంక్‌స్కేప్ నీళ్లు నములుతుంది, అక్కడ స్క్రైబస్ అనే ఉచిత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు పోవాలి, అదీ 2024లో వచ్చిన 1.6 అయితేనే తెలుగుకు పనికొస్తుంది. పెళ్లి ఆల్బమ్ స్టూడియోల సంగతి ఇంకా కష్టం. వాళ్ల టెంప్లేట్లన్నీ పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు), గింప్‌లో తెరుచుకుంటాయి గానీ కొన్ని ఎఫెక్టులు చెదురుతాయి. రాత్రికి రాత్రి ఆల్బమ్ ఇవ్వాల్సిన మనిషికి ఆ టెన్షన్ ఎందుకు? వీడియో ఎడిటింగుకు డావిన్చీ రిజాల్వ్ ఉచితమే, కానీ 4 జీబీ ర్యామ్ సిస్టమ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆడియో దగ్గర మాత్రం సాకులేమీ ఉండవు. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపి పాఠం రికార్డు చేయమని ఎవరికి చెబుతాం? ఫ్యాన్ తిరగనివ్వండి. మొదట రెండు మూడు సెకన్లు మాట్లాడకుండా ఉండండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కి, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి మళ్లీ అదే ఎఫెక్టు వేస్తే హోరు చాలావరకు పోతుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే మేలు.

మొన్న మళ్లీ ఆ షాపుకు పోయి ల్యాప్‌టాప్‌లో ఇదంతా చూపించా. అబ్బాయి శ్రద్ధగానే చూశాడు. "బాగుందిన్నా, మరి ఇన్నేళ్ల నా పాత ఫైళ్లు ఏం గావాల?" అన్నాడు. పాత కార్డులకు పాత సిస్టమ్ ఉంచుకో, కొత్తగా వచ్చే మ్యాటర్ మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టమన్నా. ఇంక్‌స్కేప్ అయితే ఎక్కించుకున్నాడు, ఇంకా తెరిచినట్టు లేదు.