సవరణ: అమ్రాబాద్ అడవి కాపలాపై నా పోస్టులో తప్పులు

మొన్న నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వేటగాళ్ల గురించి రాస్తూ, తేనె, బంక కోసం అడవిలో తిరిగే చెంచులను కూడా అక్రమార్కుల లెక్కలో కలిపేశాను. అది పెద్ద తప్పు. మన్ననూరు వైపు నుంచి ఒక చెంచు తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మేం దొంగలమా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తరతరాలుగా సేకరిస్తున్న తేనె, తపసి బంక లాంటివి తెచ్చుకునే హక్కు, అమ్ముకునే హక్కు వాళ్లకు ఉంది. వేటకు మాత్రం ఆ చట్టం కూడా ఒప్పుకోదు.

అడవి లోపల కాపలా కోసం పెట్టిన బేస్ క్యాంపుల్లో ఉండేది "పోలీసులు" అని రాశాను. కాదు, అటవీ శాఖ వాచర్లు. వాళ్లలో చాలామంది చెంచులే. బైకు క్లచ్ వైరుతో అల్లిన ఉచ్చును ఎండుటాకుల కింద వెతికి పట్టాలంటే ఆ నేల తెలిసిన కళ్లే కావాలి. దుప్పికి పెట్టిన ఉచ్చులో పులి కాలు కూడా పడుతుంది. వైరు ఎముక దాకా కోస్తుంది. దాన్ని ముందే పీకేసే మనుషులనే నేను అనుమానించాను.

ఇంకొకటి, 2,611 చదరపు కిలోమీటర్లు ఈ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా (పులుల కోసం కేటాయించిన లోపలి అడవి) కాదు, దాని చుట్టూ ఉండే బఫర్ ప్రాంతంతో కలిపి మొత్తం. కోర్ సుమారు 2,166. పాత పోస్టులో ఈ మూడూ మార్చాను.