స్పీడ్ డయల్ గారికి, ఎక్స్‌టెన్షన్ 21 నుంచి

స్పీడ్ డయల్ గారికి నమస్కారం అండి.

అసలు ఫోనే చేద్దామనుకున్నా, కానీ మీ సంగతి ఎవరితో మాట్లాడాలో ఆ నంబర్ మీలో ఏ కోడ్ కింద ఉందో ఈ ఆఫీసులో ఒక్కరికీ తెలీదు, అందుకే ఈ లెటర్.

మాది విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. మెట్ల కింద, మీటర్ బోర్డు పక్కన గోడకి కొట్టిన ఈపీఏబీఎక్స్ డబ్బాలో, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే చిన్న ఎక్స్ఛేంజ్‌లో, మీ కాపురం. మిమ్మల్ని పెట్టిన రోజు సర్వీస్ కంపెనీ ఆయన చెప్పింది ఏంటంటే ఇంక నంబర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, రెండంకెలు నొక్కితే మిగతాదంతా మీరే తిప్పేస్తారు అని. అబ్బో అనుకున్నాం అందరం. ఆ రెండంకెలు ఎవరు గుర్తు పెట్టుకోవాలి అని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని ఒక చార్ట్ తయారైంది, దానికి లామినేషన్ అయింది, లామినేషన్ అయిన మర్నాడే ఏలూరు బ్రాంచ్ నంబర్ మారింది, లామినేషన్ మీద పెన్ను పడదు కాబట్టి ఒక స్టిక్కర్ అంటించారు, ఆ స్టిక్కర్ ఊడిపోయి ఇప్పుడు అకౌంట్స్ వాళ్ళ కాలిక్యులేటర్ వెనక ఉంది. ప్రస్తుతం మా వాళ్ళు చేసేది ఇదీ: సెల్ ఫోన్ తీసి కాంటాక్ట్స్‌లో పేరు వెతికి ఆ నంబర్ చూస్తూ ఆఫీస్ ఫోన్‌లో పదంకెలూ నొక్కడం. ఆ సెల్ నుంచే చేసేయొచ్చు కదా అంటే బిల్లు ఎవరు కడతారండీ అంటారు, రీచార్జ్‌లో కాల్స్ అన్నీ ఫ్రీయే అయినా సరే.

మీ జాతకం కాస్త చదివా. 1965లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం సక్కసన్నా అనే చిన్న ఊళ్ళో మొదటి పెద్ద ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజ్ పెట్టినప్పుడు జనానికి ఇచ్చిన కొత్త సౌకర్యాల్లో మీరూ ఒకరంట. అప్పటికి మన దేశంలో లక్నో కాన్పూర్ మధ్య ఎస్టీడీ, అంటే ఆపరేటర్ లేకుండా వేరే ఊరికి మనమే నేరుగా ఫోన్ తిప్పుకోవడం, వచ్చి అయిదేళ్ళే, మిగతా జనం ట్రంకు కాల్ బుక్ చేసి కుర్చీలో కూర్చోవాల్సిందే. ఆర్డినరీ, అర్జెంటు, ఆ పైన లైట్నింగు కాల్. ఆ కుర్చీలో కూర్చున్న తరానికి మీరు దేవుడే, ఒప్పుకుంటా. కానీ మా ఆఫీసులో మిమ్మల్ని వాడుతున్న తీరు చూస్తే మీరు వచ్చింది స్పీడు కోసం అని నాకు నమ్మకం పోయింది.

చార్ట్ చూడండి ఒకసారి. 01 ఎండీ గారి ఇల్లు. 02 ఎండీ గారి ఫామ్‌హౌస్. 03 వాళ్ళ బావమరిది గారు. 04 ఆడిటర్ గారు. 05 పాత జీఎం గారు. పెళ్ళి శుభలేఖలో పేర్లు వేసినట్టు పెద్దరికం ప్రకారం దిగుతూ వస్తుంది వరస. ఇక రోజూ గంటగంటకీ ఫోన్ పోయేవాళ్ళు, అంటే టోల్ ప్లాజా దగ్గర ఇరుక్కున్న డ్రైవర్లు, కాటా దగ్గర గుమాస్తా, అర్ధరాత్రి టైరు పేలితే వచ్చే పంక్చర్ ఆయన, వీళ్ళంతా డెబ్బై దాటాక ఎక్కడో ఉన్నారు. 01 నొక్కిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఎండీ గారి ఇంటికి ఫోన్ చేసే ధైర్యం ఈ ఆఫీసులో ఎవరికుందండీ? ఆయనే చేస్తారు మాకు. అంటే మీ దగ్గర బెస్ట్ సీట్లన్నీ ఎవరూ ఎక్కని వాళ్ళకి రిజర్వేషన్ చేసి పెట్టారు. గుంటూరు బ్రాంచ్ మేనేజర్ గారైతే తనకి 14 ఇచ్చి ఏలూరాయనకి 11 ఇచ్చారని ఏకంగా మెయిల్ పెట్టారు, టర్నోవర్ లెక్కలతో సహా.

05 ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ జీఎం గారు రిటైరై చాలా కాలమైంది. కొత్తగా చేరిన వాళ్ళెవరో చార్ట్ చూసి నొక్కుతారు, అటు అమ్మగారు ఎత్తి "ఆయన పడుకున్నారు బాబూ, లోడు ఏదైనా ఆగిందా?" అని అడుగుతారు పాపం. తీసేద్దామంటే పెద్దాయన ఫీలవుతారేమో అని మా ఆపరేటర్ మేడమ్ అంటారు. ఆయనకెలా తెలుస్తుంది మేడమ్ అంటే, ఫోన్లు రావడం ఆగిపోతే తెలీదా అన్నారు.

మిమ్మల్ని సెట్ చేయడం ఇంకో కథ. ఆపరేటర్ ఫోన్ నుంచే చేయాలి, ముందు ప్రోగ్రామింగ్‌లోకి వెళ్ళడానికి ఒక కోడ్, దాని వెనక పాస్‌వర్డ్, తర్వాత మెమరీ నంబర్, తర్వాత అసలు నంబర్, చివర హ్యాష్, అప్పుడు బీప్ వస్తే అయినట్టు, వేరే రకం బీప్ వస్తే కానట్టు. ఆ రెండు బీపులకీ తేడా ఏంటో మాన్యువల్‌లో అక్షరాల్లో రాశారు! చదివి ఎలా పోల్చుకోవాలండీ దాన్ని? పాస్‌వర్డ్ తెలిసిన సర్వీస్ కుర్రాడు దుబాయ్ వెళ్ళిపోయాడు, కొత్త తమ్ముడు వచ్చి 1234 కొట్టాడు, ఓపెనయింది. మేమంతా ఏడాది పాటు దుబాయ్ నంబర్ కోసం వెతికాం.

ఓపెనయ్యాక అసలు మెలిక ఉంది. బయటి లైను కోసం ముందు సున్నా కొడతామా, లైను దొరికి టోన్ రావడానికి ఒక్క క్షణం పడుతుంది. మనిషైతే టోన్ విని నొక్కుతాడు. మీకు ఆ ఓపిక లేదు కాబట్టి నంబర్ మధ్యలో పాజ్ అని ఒకటి పెట్టాలి, అది పెట్టకపోతే మీరు టోన్ రాకముందే గడగడా చదివేస్తారు, ముందు అంకెలు గాల్లో కలిసిపోతాయి, అటునుంచి ఆవిడెవరో మూడు భాషల్లో నంబర్ సరిచూసుకోమంటుంది. ఆగడం కూడా మీకు మేమే నేర్పాలి, పేరేమో స్పీడ్.

కానీ మీ అసలు వైభవం చూసింది 2021లో. ఆ ఏడాది జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్‌కి చేసినా ముందు సున్నా ఉండాల్సిందే అన్నారు, దాని వల్ల కొత్తగా 254 కోట్లకి పైగా నంబర్లు ఇచ్చే వీలు వస్తుందట. దేశానికి మంచిదే. మా ఆఫీసుకి మాత్రం ఆ రోజు పొద్దున్నే చెవుడొచ్చింది. మీలో ఉన్న లోకల్ సెల్ నంబర్లన్నీ సున్నా లేకుండా ఉన్నవే, ఒక్కదానికీ కాల్ పోలేదు. సరే చేత్తో సున్నా కలిపి కొడదామంటే డబ్బాలో ఎస్టీడీ లాక్ ఉంది, బయటి లైను మీద సున్నాతో మొదలయ్యేది ఏదైనా అది ఎస్టీడీ అనుకుని కట్ చేసేస్తుంది. స్టాఫ్ ఎవరో వైజాగ్‌లో చుట్టాలకి ఫోన్ చేసుకుంటున్నారని ఎప్పుడో పెట్టిన లాక్ అది. లాక్ తీయాలంటే ఎండీ గారి పర్మిషన్ కావాలి, ఎండీ గారేమో ఊళ్ళో లేరు, ఆయన సెల్‌కి చేయాలంటే సున్నా కొట్టాలి.

అప్పుడు బయటపడింది మీ రహస్యం. మా సిస్టమ్‌లో చార్ట్‌లో ఉన్న నంబర్లకి లాక్ వర్తించదు, పెద్దవాళ్ళు సేవ్ చేసిన నంబర్ కాబట్టి పర్మిషన్ ఉన్నట్టే లెక్క. దాంతో సున్నా, పాజ్, మళ్ళీ సున్నా, పదంకెలు అని వరసగా మళ్ళీ ఎక్కించాం. ఒక్కసారిగా మీకు గిరాకీ పెరిగిపోయింది, ఎవరి డ్రైవర్ నంబర్ ముందెక్కించాలి అని కొట్టుకున్నారు, ఆ గొడవలో ఎవరో తమ వైజాగ్ చుట్టాల్ని కూడా 88లో ఎక్కించేశారు. అది ఇప్పటికీ ఉంది. చార్ట్‌లో "క్లియరింగ్ ఏజెంట్" అని రాసి ఉంటుంది.

ఇంకోటి అడగాలి, 108 అంబులెన్స్‌ని 42లో పెట్టింది ఎవరు? మూడంకెల నంబర్‌కి రెండంకెల కోడ్, ఒక్క అంకె మిగిల్చారు. మనిషి కళ్ళు తిరిగి పడిపోతే ముందు చార్ట్ ఏ డ్రాయర్లో ఉందో వెతకాలన్నమాట.

సరే, ఇప్పుడు రాయడానికి కారణం. ఎండీ గారి అబ్బాయి జాయిన్ అయ్యారు, ఆయనకి 02 ఇవ్వాలట. ఫామ్‌హౌస్ 03 కి దిగాలి, బావమరిది గారు 04 కి దిగరు, ఆ మాట ముందే చెప్పేశారు. కాబట్టి ఫామ్‌హౌస్ ఎక్కడికి పోవాలి అని సోమవారం మీటింగ్ పెట్టారు, గుంటూరాయన కూడా వస్తానంటున్నారు. ఏది తేలినా గురువారం సర్వీస్ తమ్ముడు వచ్చి అందర్నీ ఒక్కో మెట్టు కిందకి దింపుతాడు, కొత్త లామినేషన్‌కి కొటేషన్ కూడా వచ్చేసింది. అబ్బాయి గారు మాత్రం నిన్న నా టేబుల్ దగ్గర ఆగి ఫోన్ చూపించి ఇది ఇంకా పనిచేస్తుందా అని అడిగారు.

మీరైనా గురువారం ఆ రెండో రకం బీప్ కొట్టి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
మీ చార్ట్‌లో కోడ్ లేని,
ఎక్స్‌టెన్షన్ 21

నకలు: ఆపరేటర్ మేడమ్‌కి (కోడ్ 61, లేదా కుర్చీలోంచి కాస్త గట్టిగా పిలిస్తే పలుకుతారు).