ఓటర్ల జాబితాలో గోత్రం ఉండదు

‘మావ నాటే మావ రాజ్’ అన్న గోండి నినాదం ఆదిలాబాద్ గూడేల్లో వినపడితే చాలు, హైదరాబాద్‌లో కొందరికి దేశం ముక్కలవుతున్నట్టు తోస్తుంది. మా ఊళ్లో మా రాజ్యం అనడం జాతి పేరుతో గిరి గీసుకోవడమేనట. ఇవాళ గోండులంటారు, రేపు కోయలంటారు, ఎల్లుండి కొండరెడ్లూ అంటారట.

గిరిజన ప్రాంతాల ఊళ్లకు స్వపరిపాలన కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ఒక్కసారి తిరగేస్తే ఈ మాట అనలేరు. గ్రామసభలో సభ్యులెవరు? ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లందరూ. కొట్టు పెట్టుకున్న వ్యాపారికీ, వలస వచ్చి స్థిరపడ్డ రైతుకూ ఓటుంటే చోటుంది. పంచాయతీల అధ్యక్ష పదవులు గిరిజనులకే, నిజమే. 1/70 భూబదలాయింపు చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదు, అదీ నిజమే. ఆ కంచె ఎందుకు వేయాల్సి వచ్చిందో, అప్పుకాగితం మీద వేలిముద్ర వేసి చేను పోగొట్టుకున్న కుటుంబాలను అడగాలి.

మరి తెగల గొడవ లేదా? ఎందుకు లేదు! 2017లో గోండులూ లంబాడాలూ ఎదురెదురుగా నిలబడ్డారు. 1976లో తెలంగాణ లంబాడాలను ఎస్టీల్లో చేర్చినప్పటి నుంచీ లోలోపల రగులుతున్నదే అది. స్వపరిపాలన దక్కకపోవడం వల్లే అది అంతగా ముదిరిందంటాను. భూసేకరణకు ముందు గ్రామసభనో, పై పంచాయతీనో ‘సంప్రదిస్తే’ చాలంటుంది పెసా. ఒప్పుకోవాలని లేదు. అడవి మీద, గని మీద మాట చెల్లని ఊరికి ఇక మిగిలేది కుల ధ్రువీకరణ పత్రం. కాలేజీ సీటుకు అదే, కొలువుకూ అదే. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3నీ 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. విస్తరి చిన్నదైన కొద్దీ పక్కవాడి చెయ్యే కనిపిస్తుంది.

మాట చెల్లిన చోట ఏం జరిగిందో ఒడిశాలో డోంగ్రియా కోంధ్ గిరిజనులుండే నియమగిరి కొండ చూపించింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. పక్క తెగను వెళ్లగొట్టమని ఎవరూ తీర్మానించలేదు. తమ కొండ తమకు ఉంచమన్నారు, అంతే.

అసలు రాజధానులకు తెగలంటే భయం లేదు, ఊళ్లంటేనే భయం. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ సర్పంచుల పదవీకాలం ముగిస్తే, ఏడాదికి పైగా ప్రత్యేకాధికారులే పంచాయతీలు నడిపారు. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. మా ఊరి డబ్బు మాకివ్వండి అన్నారు వాళ్లు. వాళ్లనెవరూ జాతివాదులనలేదు. మైదానం వాళ్లు కదా!