14 అంగుళాల గొడవ

తిరుపతి బైరాగిపట్టెడలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. వీధి తలుపు తీయగానే హాలు రాదు. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న నడవ వస్తుంది. దాన్ని ఎలా సర్దాలన్నదే తగాదా. చిత్తూరు నుంచి టేపు జేబులో వేసుకొచ్చిన మా బావమరిది ఒకవైపు, వాళ్లక్క, అంటే మా ఆవిడ, మరోవైపు. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి కాఫీ గ్లాసు పట్టుకుని విన్నాను.

తమ్ముడు: అక్కా, మీరుండేది ముగ్గురు. ఇక్కడ పడున్న చెప్పులు 9 జతలు. అందులో బావవే నాలుగు. కుడి గోడకు 14 అంగుళాల లోతు ప్లైవుడ్ బీరువా కొట్టిస్తే అన్నీ లోపలికి పోతాయి. పైన తాళాలకు కొక్కేలు, ఒక అద్దం. అయిపాయె.

అక్క: నువ్వు లెక్కపెట్టింది మంగళవారం పొద్దున రా. మొన్న శనివారం రావాల్సింది. పెద్దత్త వాళ్లు 11 మంది దిగారు. సూట్‌కేసులు, లడ్డూ సంచులు, నిద్రపోతున్న చంటిబిడ్డ. అందరూ ఈ నాలుగడుగుల్లోనే నిలబడి చెప్పులు విప్పాలి.

తమ్ముడు: ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టాల కోసం మిగతా రోజులన్నీ చెప్పుల మీద దూకుతారా?

అక్క: నాలుగుసార్లా! తిరుపతిలో ఇల్లుండి చూడు. బ్రహ్మోత్సవాలకు ఒక బ్యాచ్, వైకుంఠ ఏకాదశికి ఒకటి, ఎవరింట్లో బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసినా మనింట్లోనే బస. ఈ నడవ ముగ్గురిది కాదు.

తమ్ముడు: మరి చెప్పుల స్టాండు బయట మెట్ల దగ్గర పెట్టుకో.

అక్క: రేపు ఏదైనా నిప్పంటుకుంటే అందరం దిగాల్సింది ఆ మెట్ల మీదే. వద్దు.

(ఈ మాటకు వాడి దగ్గర జవాబు లేదు.)

అక్క: ఇంకోటి. 2021 నవంబరు వానలప్పుడు పాత ఇంట్లో మూసి ఉండే బీరువాలో బూట్లు పెట్టాం. వారానికి తెల్లగా బూజు. పెళ్లికి కొన్న మీ బావ బూట్లు పారేశాం.

తమ్ముడు: దానికి తలుపులకు జాలీ పెట్టిస్తే చాలు. గాలాడుతుంది. తడివి మాత్రం బయటే ఆరబెట్టుకోవాలి, అది ఏ బీరువాకైనా తప్పదు.

అక్క: సరే, జాలీ ఒప్పుకున్నా. ఇప్పుడు నీ 14 అంగుళాలు చూద్దాం.

ఆమె లోపలికెళ్లి ముగ్గుపిండి తెచ్చింది. గోడ నుంచి 14 అంగుళాలు కొలిచి, చిటికెతో పిండి వదులుతూ పొడుగ్గా ఒక గీత వేసింది. తరువాత తలుపు కింది అంచు దగ్గర సుద్దముక్క ఆనించి పట్టుకుని తలుపును మెల్లగా లోపలికి తెరిచింది. నేల మీద విల్లులా వంపు గీత పడింది. మూడున్నర అడుగుల తలుపు. ఆ వంపు వెళ్లి బీరువా గీతను కోసింది.

అక్క: చూడు. గుమ్మం నుంచి రెండున్నర అడుగులు వదిలితే కానీ నీ బీరువా మొదలు కాదు. అప్పటికీ దాని ముందు మిగిలేది 34 అంగుళాలు. ఒక మనిషి వంగి చెప్పులు విప్పితే వెనకున్న పది మంది మెట్ల మీద నిలబడాలి.

వాడు కిందకు కూర్చుని రెండోసారి కొలిచాడు. అంకె మారలేదు. (టేపు పట్టుకున్నవాణ్ణి ముగ్గుపిండి ఓడించడం చూడముచ్చటగా ఉంది. పైకి అనలేదు.)

తమ్ముడు: అయితే వాలు అరల రకం. చెప్పులు నిలువుగా ముక్కు కిందికి దిగుతాయి. 7 అంగుళాల లోతు చాలు. ఇదైతే గుమ్మం నుంచి అడుగున్నర వదిలి పెట్టుకోవచ్చు, నాలుగున్నర అడుగుల పొడవు వస్తుంది.

అక్క: అట్లయితే సరే. చుట్టాల చెప్పులకు మాత్రం ఎడమ గోడ కింద గోనెపట్ట పరుస్తా. ఆ గోడకు ఏమీ కొట్టొద్దు.

తమ్ముడు: పెద్దవాళ్లకు కూర్చోవడానికి? అలిపిరి మెట్లు దిగొచ్చిన మోకాళ్లతో ఒంటికాలి మీద నిలబడతారా?

అక్క: (కాసేపాగి) అది నాకు తట్టలేదు. మడిచే స్టూలు ఒకటి కొను. గోడకు తగిలించుకునేది.

తమ్ముడు: ఎదురుగోడకు ఆ కలంకారీ తగిలిద్దాం. శ్రీకాళహస్తిలో కొన్నావు, బీరువాలోనే మగ్గుతోంది.

అక్క: ఎదురుగోడకు సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట అది. నలుపంటావా, ఇనుము, బెల్లం నానబెట్టి తీసినది. ఎండలో పెడితే ముందు అందులోని పసుపు రంగే పోతుంది. నీ వాలు అరల పైన కట్టు, అక్కడ నీడ.

తమ్ముడు: అక్కడ అద్దం కదా!

అక్క: గడపకు పసుపు, పైన మామిడాకులు ఉంటే అద్దం ఎందుకురా?

తమ్ముడు: బయటికెళ్లేటప్పుడు నువ్వు నా ఫోన్ కెమెరాలో బొట్టు సరిచేసుకుంటావు కదా, అందుకు.

ఆమె నవ్వింది కానీ ఒప్పుకోలేదు. వడ్రంగి గురువారం వస్తాడు. అంతవరకు ఆ వంపు గీత చెరపొద్దని పనమ్మాయికి చెప్పి పెట్టింది. అద్దం ప్రస్తుతానికి మా మంచం కింద ఉంది.