పాత ఇల్లు పిల్లలకు ఏం నేర్పుతోంది?

సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం 12 కావస్తుండగా సంగీత గడియారం దగ్గర కాసేపు నిలబడి చూడండి. స్కూలు పిల్లలు మెడలు సాచి ఎదురుచూస్తుంటారు. బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. 12 దెబ్బలూ లెక్కపెట్టి, సంబరపడి, మళ్లీ వరుసలో నిలబడతారు. ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు, త్వరగా నడవండి... చాలాసార్లు ఆ రోజు వాళ్లకు అందే పాఠం అంతే. అందుకు టీచర్లను అనలేం. 50 మందిని అప్పగిస్తే, ఎవరూ తప్పిపోకుండా బస్సెక్కించడమే వాళ్లకు పెద్ద టెన్షన్.

ఇలాంటి చోట పిల్లలకు ఏ పాఠం అందుతోంది? బ్రిటన్‌లో సరిగ్గా ఈ సంగతిని పట్టించుకునే గుర్తింపు ఒకటుంది. పేరు శాండ్‌ఫర్డ్ అవార్డు. వారసత్వ విద్య కోసం, అంటే పాత కట్టడాల్లో, మ్యూజియంల్లో చెప్పే పాఠాల కోసం, 1978లో మొదలైంది. కోటలు, పాతకాలపు బంగళాలు, మ్యూజియంలు దీనికి దరఖాస్తు చేసుకుంటాయి. కట్టడం ఎంత పాతదో, ఎంత అందమైనదో ఇక్కడ ముఖ్యం కాదు. పరిశీలకులు స్వయంగా వెళ్లి బడి పిల్లలకు అక్కడ పాఠం ఎలా చెబుతున్నారో చూస్తారు. ఇచ్చిన గుర్తింపు ఐదేళ్లే చెల్లుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ గడువే. చెప్పే మనిషి మారితే పాఠం తీరే మారిపోవచ్చు, గోడ మీద ఫలకం మాత్రం అలాగే వేలాడుతుంటుంది.

మన కట్టడాలకూ గుర్తింపులు వచ్చాయి. 2010లో చౌమహల్లా ప్యాలెస్‌కు, 2022లో గోల్కొండ మెట్లబావులకు, దోమకొండ కోటకు యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డులు దక్కాయి. గర్వపడాల్సిన విషయమే. అయితే అవి పాత కట్టడాన్ని బాగుచేసి నిలబెట్టినందుకు ఇచ్చినవి. లోపలికి వెళ్లిన ఏడో తరగతి పిల్ల ఏం తెలుసుకుని బయటికొచ్చిందో అవి చెప్పవు.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లుంది. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. పాతికేళ్లు గడిచినా ఆ పెళ్లికి వంట చేయడానికి మనిషి దొరకలేదు! వెలివేస్తారన్న భయంతో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మొహం చాటేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్లు మోసుకొచ్చి వంట చేసింది. పాఠ్యపుస్తకంలో వీరేశలింగం 'సంఘ సంస్కర్త'. పరీక్షలో రెండు మార్కుల జవాబు. చట్టం ఉన్నా ఊరు ఎందుకు ఒప్పుకోలేదో, ఒక ఇల్లాలి చేతుల మీద ఆ భారం ఎంత పడిందో ఆ రెండు మార్కుల్లో పట్టదు.

ఆ ఇంటికి వచ్చిన పిల్లలను నేరుగా ఫొటోల ముందుకు తీసుకెళ్లకండి. ముందు గోదావరి రేవుకు తీసుకెళ్లి ఇద్దరికో బిందె ఇవ్వండి. నింపుకుని అక్కడి నుంచి కొంతదూరం మోయనివ్వండి. దీనికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు, పది బిందెలు చాలు. చేతులు నొప్పిపుట్టి బిందె దించిన పిల్ల తప్పకుండా అడుగుతుంది: నీళ్లు తెచ్చేవాళ్లు ఎందుకు రాలేదు, ఎవరికి భయపడ్డారు? ఆ ప్రశ్న దగ్గర కులం గురించి, వెలి గురించి, బాల్యవివాహాల గురించి దాటవేయకుండా మాట్లాడగల మనిషి కావాలి. పాత ఇళ్లకు సున్నాలు వేయించడానికి కేటాయించే డబ్బులోంచి ముందు ఆ మనిషి జీతానికి తీసిపెట్టాలి.